వెనక గేటు దగ్గర రెండు పసుపు చుక్కలు

మొన్న మా వాడకట్టు పిల్ల రజిత ఇంటికి వచ్చింది. మరాఠీ సర్కారు కింద ఉన్న అహేరిలో, నేను చేసిన మాల్‌లోనే గార్డు పని దొరికిందట.

"పెద్దమ్మా, నువ్వు పదకొండేండ్లు జేసినవు గదా. గా పనిల ఏముంటది? నిలబడుడే గదా?" అని అడిగింది.

"నిలబడుడే. కూసోనియ్యరు" అన్నాను.

పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అది పోయాక నా మనసు ఊరుకోలేదు. సగం సంగతే చెప్పి పంపాను. జీతం ఎప్పుడు పెరుగుతుందో, సెలవు చీటీ ఎవరికి ఇవ్వాలో అక్కడి ఆఫీసువాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పని సగం ఇక్కడ రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చిందే యాభై దాటినాక. కాబట్టి ముచ్చట సాగదీయడం నాకు రాదు, సుతిమెత్తగా చెప్పడం అంతకన్నా రాదు.

గాజు తలుపు ముందు చెప్పులు

మా కంపెనీకి చాలా ఊళ్లలో దుకాణాలున్నాయి. బట్టలు, గిన్నెలు, చెప్పులు, పప్పు, ఉప్పు అన్నీ ఒకే కప్పు కింద. ఎక్కడికి పోయినా అదే రంగు బోర్డు, అదే పాట, గార్డు నోటి నుంచి అదే నమస్తే. పెద్దాఫీసువాళ్లు రూల్స్ అన్నీ ఒక పుస్తకంలో రాసి పంపుతారు. గార్డు కూర్చోవద్దు. గార్డు గోడకు ఆనుకోవద్దు. అందరికీ ఒకే తీరుగా నవ్వాలి.

నవ్వడం మొదటి నెల కష్టం. తర్వాత నవ్వు దానంతటదే వస్తుంది, కాళ్లే మాట వినవు. కొత్తగా చేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రెండు కాళ్ల మీద సమానంగా నిలబడండి. ఒక్క కాలి మీద బరువు వేసి నిలబడిన వాళ్లంతా నాలుగేళ్లలో నడుము పట్టుకున్నారు. నేను కళ్లారా చూశాను.

దుకాణం తెరిచిన కొత్తలో నన్ను ముందు గేటు దగ్గర, రఫీక్ భాయ్‌కి జతగా పెట్టారు. రఫీక్ భాయ్‌ది అహేరే. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. కమలాపూర్, జిమల్‌గట్ట దిక్కు నుంచి వచ్చే జనం గాజు తలుపు ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో తలుపు ముందు యాభై జతలు పడి ఉండేవి. మేనేజర్ సత్యం సార్‌కు అది చూస్తే మంట. ఆయన బల్లార్షాలో పెరిగిన తెలుగువాడు.

"పోశక్కా, చెప్పులు ఇడువొద్దని చెప్పవేంది? ఇదేమన్న గుడా?"

నేను వెళ్లి ఒక ముసలాయనను ఆపాను. "తాతా, ఇది గుడి కాదే, చెప్పులతోనే పో."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "గుడి కాదని నాకెర్కలేదా బిడ్డా? బండలు గింత తళతళ మెరుస్తుంటే, పొద్దుగాల లేచి ఎవలో తుడిచే ఉంటరు గదా. ఆళ్ల చేతులు నొయ్యవా?"

వెనకే నిలబడి ఉన్న సత్యం సార్ కూడా విన్నాడు. మర్నాడు తలుపు పక్కన చెప్పులు పెట్టుకోవడానికి ఒక చెక్క స్టాండు వచ్చింది. తర్వాత పెద్దాఫీసు నుంచి వచ్చినవాళ్లు అది తీసేయమన్నారు. "ఉండనియ్యుండ్రి సార్, మా దగ్గర గిట్లనే" అని సత్యం సార్ నవ్వి తప్పించాడు.

ఆయన కోపిష్టి. రోజుకు పదిసార్లు అరిచేవాడు. కానీ ఆయనకు చెవులున్నాయి. కొత్తవాళ్లు పై అధికారి అరుస్తాడా లేదా అని చూసి భయపడతారు. చూడాల్సింది వింటాడా లేదా అన్నది. అది నాకు కూడా ఆలస్యంగానే తెలిసింది.

రిజిస్టర్

మూడో ఏట నన్ను వెనక గేటుకు మార్చారు. పనివాళ్లు వచ్చేదీ పోయేదీ ఆ గేటు నుంచే. పొద్దున ఇంటి నుంచి ఎవరేం తెచ్చినా గేటు దగ్గర రిజిస్టర్‌లో రాయాలి. ఫలానా పిల్ల, ఒక గొడుగు, ఒక తువ్వాల, ఒక టిఫిన్ సంచి. సాయంత్రం దిగిపోయేటప్పుడు సంచీలు చూసి, రాసినవి మాత్రమే బయటికి పోనివ్వాలి. రాయనిది సంచీలో కనిపిస్తే అది దుకాణం సొత్తు కిందే లెక్క.

నాకు చదవను రాయను రాదు. పనిలో చేరేటప్పుడు ఎత్తు చూశారు, నడిపించి చూశారు, సంతకం పెట్టమన్నారు. సంతకం వచ్చు. నా పేరును ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిప్పాలో తెలుసు. అందులో ఏది ఏ అక్షరమో తెలియదు.

రిజిస్టర్ చేతికి వచ్చిన రోజు రఫీక్ భాయ్‌కి ఒక్కడికే చెప్పాను.

"పరేషాన్ కాకు ఆపా" అన్నాడు. అక్కా అనడానికి ఆయన ఆపా అనేవాడు. "కండ్లద్దాలు ఇంట్ల మర్చిన, నువ్వే రాయి అను. ఎవలైన రాస్తరు."

అట్లాగే నడిచింది. ఎవరి సామాను వాళ్లే రాసుకునేవాళ్లు. "పోశక్క అద్దాలు అహేరి మొత్తం మీద ఎవ్వలు జూడలే" అని ఆడపిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని. కానీ సాయంత్రం అసలు తిప్పలు. వాళ్లు రాసింది నేను చదవలేను. సంచీలో ఉన్నది పొద్దున తెచ్చిందో కాదో ఎట్లా తెలియాలి?

దానికొక ఉపాయం కనిపెట్టాను. తడి పసుపు చిన్న డబ్బీలో వేసి కొంగున కట్టుకునేదాన్ని. పొద్దున సంచీ చూసే సాకుతో తెచ్చిన ప్రతి వస్తువుకు ఒక అంచున, ఒకదాని కింద ఒకటి, రెండు చుక్కలు పెట్టేదాన్ని. సాయంత్రం చుక్కలుంటే పోనిచ్చేదాన్ని. లేకపోతే ఆపి అడిగేదాన్ని. మన దగ్గర కొత్తబట్టకు నాలుగు మూలలా పసుపు పెట్టి కదా కట్టుకుంటాం. ఎక్కడన్నా పసుపు కనిపిస్తే ఇంట్లో ఎవరో పెట్టారనుకుంటారు కానీ గార్డు పెట్టిందని ఎవరనుకుంటారు? రఫీక్ భాయ్‌కి కూడా చెప్పలేదు.

రెండేళ్లు అట్లా గడిచాయి. రిజిస్టర్‌ను గెలిచానని నాలో నేనే మురిసిపోయాను. చదువు రాకపోవడం నా తప్పు కాదు. మా ఇంట్లో ఏడుగురిలో బడికి పోయింది ఇద్దరు మగపిల్లలే. ఆ మురిపెం మాత్రం నా తప్పే.

సునీత తెచ్చిన చీర

సునీతది జిమల్‌గట్ట. గోండుల పిల్ల. పదో తరగతి మరాఠీలో చదివింది. ఇంట్లో గోండీ, మాతో తెలుగు, కొనడానికి వచ్చే గిరాకీలతో మరాఠీ. చీరల దగ్గర ఉండేది. వాళ్ల ఊరి నుంచి ఇటువంటి దుకాణంలో పనికి వచ్చిన మొదటి పిల్ల అది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు పిల్లలను పంపడానికి ఊళ్లో పెద్దమనుషులు ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం వాళ్లు చేరాలి.

అది శుక్రవారం. సునీత పరుగెత్తుకుంటూ వచ్చింది. బస్సు ఆలస్యం. చేతిలో కవరు, అందులో ఆకుపచ్చ చీర.

"పెద్దమ్మా, గిది మా అమ్మకు. అన్న పెండ్లికని మా మామ మంచిర్యాల నుంచి తెచ్చిండు. సాయంత్రం దీనికి ఫాల్ కుట్టనియ్యాలె. లేటైంది, జర నువ్వే రాయవా?"

మంచిర్యాలలో ఉన్నది కూడా మా కంపెనీ దుకాణమే. చీరకు మా దుకాణం లేబుల్ అట్లాగే వేలాడుతోంది.

"లేబుల్ తియ్యకపోయినవేందే?"

"తీస్తే ఎట్ల పెద్దమ్మా? ఊళ్లె పాతదనుకోరూ?"

అది నిజమే. పెళ్లిలో పెట్టే చీర లేబుల్‌తో ఇస్తేనే కొత్తదని మా దిక్కు నమ్మకం.

నాకు రాయరాదే అని అప్పుడే అనాల్సింది. "పో పో, నేను రాస్తలే" అన్నాను. చీర అంచుకు రెండు చుక్కలు పెట్టి పంపాను. మధ్యాహ్నం రఫీక్ భాయ్‌తో రాయిద్దామనుకున్నాను. ఆయన నమాజుకు వెళ్లాడు. వచ్చేసరికి పెళ్లి జనంతో దుకాణం నిండిపోయింది. నేను మరిచిపోయాను.

మూడు గంటలకు కొత్తాయన ఒకడు వెనక గేటు నుంచి వచ్చాడు. నల్ల సంచి, మెడలో కంపెనీ కార్డు. కార్డు మీద ఏముందో నేను చదవలేను కదా. బొమ్మ మాత్రం ఆయనదే. అలవాటుగా సంచీ తడిమి రిజిస్టర్ ముందుకు తోశాను. "అద్దాలు మర్చిన సార్, మీరే రాయుండ్రి." ఆయన ఒక చూపు చూసి రాసి లోపలికి వెళ్లాడు. దొంగతనాలు పట్టడానికి చెప్పకుండా వచ్చే చెకింగ్ సార్ ఆయనేనని తర్వాత తెలిసింది. కరీంనగర్ మనిషి.

గుర్తు లేదు

పగటి డ్యూటీ వాళ్లు దిగే వేళకు ఆయన నా పక్కన నిలబడి సంచీలు తానే చూడడం మొదలుపెట్టాడు. సునీత సంచీలో చీర దొరికింది. లేబుల్ మా కంపెనీదే. అదే రకం చీరలు లోపల మా దుకాణంలోనూ వేలాడుతున్నాయి.

"బిల్లు?"

"మా మామ దగ్గర ఉన్నది సార్. ఇది మంచిర్యాలల కొన్నది. పొద్దున నేనే తెచ్చిన."

"మామకు ఫోన్ చెయ్యి."

చేసింది. తగల్లేదు. మామ పెళ్లికని వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు, ఆ అడవిలో సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో ఎవరికి తెలుసు?

ఆయన రిజిస్టర్ తిప్పాడు. "నీ పేరు మీద చీర లేదే."

"పోశక్క పెద్దమ్మకు చూపెట్టిన సార్. రాస్తనన్నది. అడుగుండ్రి."

వరుసలో ఉన్న ముప్పై మంది నా వైపు తిరిగారు. చెకింగ్ సార్ కూడా తిరిగాడు. "చూపెట్టిందా?"

చూపెట్టిందంటే, ఎందుకు రాయలేదంటాడు. రాయడం రాదంటే, రాని మనిషిని ఈ గేటుకు ఎవరు పెట్టారంటాడు. ఐదేళ్లు దాచుకున్నది ముప్పై మంది ముందు బయటపడుతుంది. పని పోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది.

"గుర్తు లేదు సార్" అన్నాను.

సునీత అరవలేదు, ఏడవలేదు. నన్ను చూసింది. అంతే. దాన్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లారు.

నా పనిలో ఎన్నో తప్పులు చేశాను. గిరాకీలను కసిరాను, ఒకసారి గర్భిణిని క్యూలో నిలబెట్టాను. వాటన్నిటినీ ఒకవైపు పెట్టి ఈ రెండు మాటలను ఇంకోవైపు పెడితే ఈ రెండు మాటలే బరువు. చెకింగ్ సార్‌ను నేను తప్పుపట్టను. ఆయన పని ఆయన చేశాడు. అందరి ముందు అడగకుండా పక్కకు పిలిచి అడగాల్సింది, అది ఒక్కటే ఆయన తప్పు. మిగతాది నాది.

రఫీక్ భాయ్ పరుగున వచ్చాడు. అప్పటికే ఎవరో చెప్పారు.

"ఆపా, గా పిల్ల పేరు దొంగల లిస్టుల ఎక్కితే ఇగ ఏ దుకాణంల రానియ్యరు. ఊళ్లె ఏమంటరు? సోమవారం వచ్చే పిల్లలు వస్తరా?"

"నా కొలువు పోతది భాయ్."

"పోతే పోతది. మళ్లొకటి దొరుకుతది. దొంగ అన్న పేరు పోతదా?"

నేను టోపీ తీసి కుర్చీ లేని ఆ గేటును రఫీక్ భాయ్‌కి అప్పజెప్పి ఆఫీసు గదికి నడిచాను.

ఎవరి సంచీ మీద ఏముంది

లోపల సత్యం సార్, చెకింగ్ సార్, గోడవారగా సునీత. బల్ల మీద చీర, దాని పక్కన దొంగతనం కింద సగం రాసిన కాగితం.

"సార్, చీర పొద్దున నాకు చూపెట్టింది. నేనే రాస్తనన్న. నాకు రాయ రాదు. సదవ రాదు. అందుకే రాయలే. ఇందాక అబద్ధమాడిన."

చెకింగ్ సార్ నెమ్మదిగా అన్నాడు. "ఇప్పుడు పిల్ల మీద జాలితోని అబద్ధమాడుతున్నవేమో. నాకెట్ల తెలవాలె?"

"చీర అంచు చూడుండ్రి. రెండు పసుపు చుక్కలుంటయి. నేను పెట్టినయే."

ఆయన చూశాడు. ఉన్నాయి. "పసుపు ఎవలింట్లనైన పెడ్తరమ్మా."

"ఇంట్ల నాలుగు మూలలకు పెడ్తరు. నేను ఒక్క దిక్కే, ఒకదాని కింద ఒకటి పెడ్త. గేటు దాటి వచ్చిన ప్రతి వస్తువుకు పెడ్త. పనోళ్ల సామాను తెప్పియ్యుండ్రి."

సత్యం సార్ తెప్పించాడు. గొడుగు బట్ట మీద రెండు చుక్కలు. తువ్వాల మీద రెండు చుక్కలు. టిఫిన్ సంచీ మీద రెండు. రఫీక్ భాయ్ మఫ్లర్ మీద రెండు. సామాను వెంబడి వచ్చి గుమ్మంలో నిలబడ్డ రఫీక్ భాయ్ అది చూసి, "అరే! నేను బిర్యానీ మరక అనుకున్న ఆపా!" అన్నాడు.

సత్యం సార్ ఏదో గుర్తొచ్చినట్టు లేచి, బీరువాలోంచి తాను మార్చుకోవడానికి తెచ్చుకున్న చొక్కా తీశాడు. కింది అంచు తిప్పాడు. రెండు చుక్కలు.

"పోశక్కా! ఇది నువ్వా? ఏడాది సంది మా ఇంటామెను తిడుతున్న, వంటచేతులతోని చొక్కాలు మడతపెడుతున్నవని!"

సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

చెకింగ్ సార్ మాత్రం నవ్వలేదు. "ఇయ్యన్ని పాతయి కావచ్చు. ఈ చీర ఇయ్యాల గేటు దాటి వచ్చిందని రుజువేంది?"

"మీరు ఇయ్యాలనే గదా సార్ వచ్చింది?" అన్నాను. "మీ సంచీ పట్టీ చూడుండ్రి."

ఆయన నల్ల సంచీ ఒళ్లోకి తీసుకున్నాడు. పట్టీ మెల్లగా తిప్పాడు. లోపలి వైపు, ఒకదాని కింద ఒకటి, ఇంకా వెలిసిపోని తాజా పసుపు. చీర అంచును దాని పక్కకు లాగి రెండూ చూశాడు. రెండింటినీ వేలితో తాకి, రెండుసార్లూ పసుపంటిన వేలు చూసుకున్నాడు.

తర్వాత సగం రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"అమ్మా, నువ్వు తప్పు చెయ్యలే" అని చీర సునీత చేతికి ఇచ్చాడు. నా వైపు తిరిగి, "ఇన్ని దినాల సంది నా సొంటోళ్లను ఎంతమందిని ముద్రేసి పంపినవు?" అన్నాడు. అప్పుడు ఆయన నవ్వాడు.

సత్యం సార్ తన కుర్చీ నా వైపు నెట్టాడు. "కూసో పోశక్కా. రూల్ బుక్కు బయట గార్డులకు. ఇది నా రూము."

కూర్చున్నాను. ఆ దుకాణంలో డ్యూటీ వేళ నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఎంత తేలికైనానో చెప్పలేను. పని పోతుందో ఉంటుందో ఇంకా తెలియదు. అయినా ఐదేళ్లుగా ఛాతీ మీద పెట్టుకున్న బండ ఎవరో తీసి కింద పెట్టినట్టయింది. ఇక అద్దాల కథ చెప్పక్కర్లేదు. దానికే సగం ప్రాణం లేచి వచ్చింది.

అట్టపెట్టెల మీద అక్షరాలు

పని పోలేదు. చెకింగ్ సార్ ఏం రాసుకున్నాడో నేను అడగలేదు. సత్యం సార్ రెండు నెలలు నన్ను ట్రయల్ రూముల దగ్గర పెట్టి, "రిజిస్టర్ చదువుడు వచ్చినంక గేటుకు పో. రాకుంటే నేను అరుస్త" అన్నాడు. సునీతకు క్షమాపణ చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పబోతే మాట మధ్యలోనే ఆపింది.

"నువ్వు మళ్ల లోపలికి వచ్చినవు గదా పెద్దమ్మా. రాకపోతే మాట్లాడకపోదును."

సోమవారం జిమల్‌గట్ట పిల్లలు ఇద్దరూ వచ్చి చేరారు. అన్నం వేళ చింపిన అట్టపెట్టెల వెనక సునీత నాకు మరాఠీ అక్షరాలు రాసి ఇచ్చేది. తప్పు రాస్తే, "పెద్దమ్మా, పసుపు పెట్టుమంటవా?" అని ఏడిపించేది. తెలుగు అక్షరాలు మాత్రం పని మానేసి సిరోంచకు వచ్చాక నేర్చాను, మా చెల్లెలి కోడలి దగ్గర. అది నది అవతలి చెన్నూరు పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది.

రజితా, నీకు చెప్పాల్సింది ఇదే. నీకు రానిది ఏదన్నా ఉంటే చేరిన రోజే చెప్పు. దాచడానికి నువ్వు కనిపెట్టే ఉపాయం ఎంత మంచిదైనా, ఒకరోజు అది నీ మీద కాకుండా నీ పక్కనున్నదాని మీద పడుతుంది. సంచీ తడిమేముందు నోటితో అడుగు. అరిచే సార్ కనిపిస్తే వింటాడో లేదో చూడు. కాళ్ల సంగతి పైన చెప్పాను.

నా చివరి రోజు పనివాళ్లంతా కలిసి నాకు ఒక చీర పెట్టారు. లేబుల్ తీయలేదు. వెనక గేటు దగ్గర కొత్త గార్డు పిల్ల ఆపింది.

"పెద్దమ్మా, రాసినవా?"

"రాసిన. సదువుకో."

ఆ పేజీలో నా చేత్తో రాశాను. పోశక్క, ఒక గొడుగు, ఒక టిఫిన్ డబ్బా, ఒక చీర. ఆ పిల్ల చదివి, తల ఊపి, సంచీ తెరిచింది. చీర అంచు మీద, ఒకదాని కింద ఒకటి, అప్పటికే రెండు పసుపు చుక్కలున్నాయి. పక్కన సునీత నిలబడి ఉంది. ఇప్పుడు చీరల విభాగం మొత్తం అదే చూసుకుంటుంది. దాని వేలు పచ్చగా ఉంది.

"రాసింది ఎట్లున్నా, నాకు గిదే నమ్మకం పెద్దమ్మా" అంది.

సిరోంచ బస్సుకు ఇంకా టైముంది. దుకాణం ముందుకు నడిచి వెళ్లాను. చెప్పుల స్టాండు పక్కనున్న మెట్టు మీద, అందరూ చూస్తుండగా, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర రఫీక్ భాయ్ టోపీ సర్దుకుని నాకు కూడా నమస్తే పెట్టాడు. బస్సు వచ్చేదాకా ఎవరూ నన్ను లేవమనలేదు.